సముద్రంలో పోయిన వలల్ని తీసి రీసైక్లింగ్‌కి పంపడం ఎలా: శ్రీకాకుళం తీరం ఊళ్ల కోసం పూర్తి గైడ్

పోయిన వలలు తీద్దాం అని ఎవరైనా అనగానే కుర్రాళ్లకి ముందు గుర్తొచ్చేది వీపుకి సిలిండర్ కట్టుకుని నీళ్లలోకి దూకే ఫొటో. ఆ పని కూడా ఉంటది గానీ అది ఆఖర్న, అదీ అందరికీ కాదు. ఇక్కడ వరస తిరగేసి చెప్తాను: ముందు కొనేవాడు, తరువాత ఎండబెట్టుకునే జాగా, ఆ తరువాత ఒడ్డు, పడవ, డైవర్లు. ఎందుకిలా అంటే తీసిన వలకి పోయే దారి లేకపోతే అది జెట్టీ పక్కన కుప్పగా పడుండి కంపు కొడతది, ఎవరో విసుగొచ్చి అగ్గి పెట్టేస్తారు, లేదంటే అక్టోబర్‌లో తుఫానొచ్చి మళ్లీ సముద్రంలోకే లాక్కుపోద్ది, పడ్డ కష్టం మొత్తం ఉత్తిదే.

ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా, అక్కణ్ణుంచి విజయనగరం జిల్లా పూసపాటిరేగ, భోగాపురం దాకా ఏ మత్స్యకార ఊళ్లోనైనా ఒక యూత్ క్లబ్బో, మహిళా సంఘమో, నలుగురు పడవల వాళ్లో కలిసి చెయ్యగలిగేటట్టు రాస్తున్నాను.

అసలు వల పోతే అడుగున ఏం జరుగుద్ది

మన దగ్గర ఎక్కువగా పోయేవి గోడలాగా నిలబెట్టే గిల్ నెట్లు. పైన తేలే బెండ్లు, కింద ముంచే బరువు గుండ్లు, మధ్యలో సన్న నైలాన్ దారం. వేలకి వేలు పోసి కొన్న వలని ఎవరూ కావాలని పారెయ్యరు. నీటి వాలు గట్టిగా ఉండి కొట్టుకుపోద్ది, అడుగున బండలకి పట్టేస్తది, తుఫాను ముందు హడావిడిగా వచ్చేస్తే తియ్యడానికి టైం ఉండదు, లేదా రాత్రిపూట పెద్ద మర బోటు మీద నుంచి పోయి సగానికి తెంపేస్తది. రాష్ట్రంలో 1994 నాటి సముద్ర చేపలవేట చట్టం కింద ఒడ్డుకి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ పడవలకే వదలాలి, కానీ ఆ గొడవ మొదలెడితే ఈ గైడ్ ఇక్కడే ఆగిపోద్ది కాబట్టి వదిలేస్తున్నా.

పోయిన వల వేట మానదు. చేప పడతది, ఆ చేపని తినడానికి పీత వస్తది, పీత కూడా చిక్కుకుంటది, దాని వాసనకి ఇంకోటి. వారాలు, ఒక్కోసారి నెలలు ఇలా నడిచి చివరికి వల బరువెక్కి చుట్టుకుని కూలిపోద్ది. కూలాక చేపలు తక్కువ పడతాయి గానీ కెరటాలకి దొర్లుతూ బండల మీద ఉన్నవన్నీ గీకేస్తూ ఉంటది. 2022లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనం లెక్క ప్రకారం ప్రపంచంలో వాడే వేట సామానులో ఏడాదికి ఇంచుమించు 2 శాతం పోతోంది, అందులో గిల్ నెట్లే 2,963 చదరపు కిలోమీటర్లు. అంటే జిల్లాలు విడగొట్టాక మిగిలిన మన శ్రీకాకుళం జిల్లాలో సగానికి పైనే కప్పెయ్యొచ్చు, ఏటేటా.

ఇంకొకటి గుర్తుపెట్టుకోండి, ఇది కింద చాలాసార్లు పనికొస్తది. నైలాన్ నీళ్లకంటే బరువు, మునిగిపోద్ది. పాలిథిన్, పాలీప్రొపిలీన్‌తో చేసిన తాళ్లు, ట్రాల్ వల (మర బోట్లు ఈడ్చుకెళ్లే వల) ముక్కలు తేలతాయి. అందుకే ఒడ్డుకి కొట్టుకొచ్చేవాటిలో రంగురంగుల తాళ్లే ఎక్కువ కనపడతాయి, నైలాన్ వల ఎక్కువ భాగం కిందే ఉండిపోద్ది, బెండ్లు ఊడకుండా ఉన్న ముక్కలు మాత్రం పైకొస్తాయి. బీచ్ క్లీన్ చేసేసి వలలన్నీ తీసేశాం అనుకోకూడదు.

మొదటి పని: కొనేవాడితో మాట్లాడండి

పాత ఇనుము సామాను కొనే షాపు నుంచి మొదలెట్టండి, వాళ్లు డైరెక్ట్‌గా కొనకపోయినా వైజాగ్‌లో ఎవరికి అమ్ముతారో చెప్తారు. ఫోన్లో "వలలు కొంటారా" అని అడిగితే అందరూ కొంటాం అనే అంటారు, తరువాత లారీ వెళ్లాక ఇసుక ఉంది, తడి ఉంది అని సగం రేటు చేస్తారు. అందుకే ఇవి ముందే అడగండి: ఏ రకం ప్లాస్టిక్ కావాలి, నైలాన్ ఒక్కటేనా తాళ్లు కూడానా? ఎంత కడిగి ఉండాలి? ముక్కలు కొయ్యాలా, ఎంత పొడుగు? తక్కువలో తక్కువ ఎంత బరువుంటే బండి పంపుతారు? లారీ ఖర్చు ఎవరిది? ఒక గోనెసంచి శాంపిల్ పంపి, దాన్ని చూశాక చెప్పిన రేటునే నమ్మండి, అంతకుముందు చెప్పింది నమ్మకండి.

వాళ్లు ఎందుకింత పేచీ పెడతారో తెలిస్తే కోపం రాదు. రీసైక్లింగ్ రెండు రకాలు. ఒకటి, వలని కడిగి, ముక్కలు చేసి, కరిగించి గింజలు చెయ్యడం. నైలాన్-6 ఇంచుమించు 220 డిగ్రీల దగ్గర కరుగుద్ది, పాలిథిన్ 130 దగ్గర. రెండూ కలిపి పోస్తే ఒకటి కరిగే వేడిలో ఇంకోటి పాడవుద్ది, రెండూ ఒకదానిలో ఒకటి కలవవు కూడా, వచ్చిన గింజ ఎందుకూ పనికిరాదు. ఇసుక ఉంటే మిషన్ బ్లేడ్లు, స్క్రూ అరిగిపోతాయి. నైలాన్‌లో తడి ఉంటే ఆ వేడికి దాని గట్టిదనమే పోద్ది. రెండోది కెమికల్ పద్ధతి, నైలాన్-6ని విడగొట్టి అది తయారైన మూల పదార్థం కాప్రోలాక్టమ్ దాకా వెనక్కి తీసుకెళ్లి మళ్లీ కొత్త నైలాన్ చేస్తారు. దీనికి పాత వల, ఎండకి పెళుసైన వల కూడా పర్వాలేదు గానీ వేరే ప్లాస్టిక్ కలిసి ఉండకూడదు, అదీ పెద్ద ఫ్యాక్టరీల పని.

కేరళలో 2017లో నీండకర, శక్తికుళంగర హార్బర్ల దగ్గర శుచిత్వ సాగరం అని మొదలెట్టారు, బోటు వాళ్లు వలలో పడ్డ ప్లాస్టిక్‌ని ఒడ్డుకి తెస్తే దాన్ని కడిగి తురిమి తారు రోడ్లలో కలిపేవారు. అక్కడ చూడాల్సింది రోడ్డు కాదు, హార్బర్ గేటు పక్కనే కడిగే షెడ్డు, జీతానికి పనిచేసే ఆడవాళ్లు ఉండటం. అది లేకుండా ఉత్సాహం మీద నడిపితే రెండు ఆదివారాలు నడుస్తది.

జాగా కూడా ఇప్పుడే చూసుకోండి. పోటు నీరు ఎక్కని మెరక, కింద సిమెంటు గచ్చు ఉంటే మంచిది, మంచినీళ్ల పంపు దగ్గర్లో ఉండాలి, తాగే నూతికి మాత్రం దూరంగా.

వల ఎక్కడుందో సముద్రాన్ని కాదు, ఊరిని అడగండి

శబ్దంతో సముద్రం అడుగు చూసే సోనార్ మిషన్ అవసరం లేదు. తండేలు, అంటే పడవ నడిపించే పెద్ద, ఉన్న ప్రతి ఇంట్లోనూ మ్యాప్ ఉంటది, కాగితం మీద కాదు, బుర్రలో. కళింగపట్నం లైట్‌హౌస్ ఫలానా తాటితోపు మీదకి వచ్చినప్పుడు, ఇటు పక్క ఫలానా కొండ మొన గుడి గోపురానికి కలిసినప్పుడు, ఆ రెండు గీతలూ కలిసే చోట కింద రాయి ఉంది అని చెప్తారు. బారువ వైపు వాళ్లయితే మహేంద్రగిరినే గుర్తు పెట్టుకుంటారు. మీరు చెయ్యాల్సింది ఆ తండేలుని ఖాళీగా ఉన్న రోజు పడవ మీద తీసుకెళ్లి ఆ చోట ఫోన్లో జీపీఎస్ పాయింటు నొక్కడం, అంతే.

సాయంత్రం వలలు బాగుచేసుకుంటూ కూర్చున్నప్పుడు అడగండి, మీటింగ్ పెట్టి అడిగితే ఎవరూ చెప్పరు. వల పోయింది అంటే అప్పు గుర్తొస్తది, కొందరికి పరువు కూడా. "మామా, ఈ ఏడాది నీ వల ఎంత పోనాది" అని కాకుండా "మామా, ఏ చోట వల ఏస్తే పట్టీసుకుంటాది" అని అడిగితే గంట చెప్తారు. ఒక్కొక్కరు చెప్పింది వేరేవేరేగా రాసుకుని, ముగ్గురు నలుగురు ఒకే చోటు చెప్తే అది మీ మొదటి పాయింటు.

మునిగిన ఓడల దగ్గర, బండల దగ్గర వలలు ఎక్కువ చిక్కుతాయి. 1917లో నిప్పంటుకుని బారువ తీరం దగ్గర మునిగిన చిల్కా స్టీమర్ లాంటి చోట్ల పాతాళ గరిగె (తాడుకి కట్టి అడుగున ఈడ్చే కొక్కేలు, కింద చెప్తాను) వెయ్యడానికి లేదు, అక్కడ డైవర్ల పనే. నదుల మొగలు, అంటే సముద్రంలో కలిసే చోట్లు కూడా చూడండి, వంశధార, నాగావళి, మహేంద్రతనయ వరదలకి కొట్టుకొచ్చిన చెట్ల మోడులు మొగ దగ్గర పూడిపోయి ఉంటాయి, వలలు వాటికి పట్టుకుంటాయి.

ఎవరి వల, ఎవరి పర్మిషన్

పోయిన వలకి కూడా యజమాని ఉంటాడు. ఊరి పెద్దలకి ముందు చెప్పి, తీసిన వలని కొన్ని రోజులు జెట్టీ దగ్గర అందరికీ కనపడేటట్టు పెడతాం, నాదీ అన్నవాళ్లకి ఇచ్చేస్తాం, ఆ తరువాతే రీసైక్లింగ్ అని దండోరా వేయించండి, వాట్సాప్ గ్రూపుల్లో పక్క ఊళ్లకి కూడా పంపండి. ఇది చెయ్యకపోతే ఒకరోజు మీరు దొంగలైపోతారు.

మత్స్యశాఖ ఆఫీసుకి, మెరైన్ పోలీస్ స్టేషన్‌కి ఏ రోజు, ఏ పడవలు, ఎంతమంది అని రాతపూర్వకంగా ఇవ్వండి. తాబేళ్ల సీజన్లో ఒడ్డు మీద పనైతే అటవీ శాఖకి కూడా. వల రకాల గురించి సలహా కావాలంటే వైజాగ్‌లో సీఐఎఫ్‌టీ సెంటర్ ఉంది, వాళ్ల పనే వలలూ చేపల టెక్నాలజీ.

ఎప్పుడు వెళ్లాలి

జనవరి నుంచి మార్చి దాకా. వానాకాలం నుంచి నవంబర్ దాకా నదుల బురద నీటికి కింద ఏమీ కనపడదు, తుఫాన్లు కూడా అప్పుడే, 2018 తిత్లీ అక్టోబర్‌లో, 2021 గులాబ్ సెప్టెంబర్ చివర్లో వచ్చాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, అప్పుడు పడవలు ఖాళీగా ఉంటాయి కదా అని చాలామంది ఆ టైం అనుకుంటారు, కానీ నిషేధంలో వలతో పడవ కనపడితే కేసు, మత్స్యశాఖ లెటర్ చేతిలో లేకుండా కదలకండి. పైగా మే నెలలో కెరటం పెరుగుద్ది. ఆ 61 రోజులూ ఒడ్డు మీద కడగడానికి, వేరు చెయ్యడానికి, పాడైన వలలు ఇంటింటికీ తిరిగి పోగుచెయ్యడానికి వాడుకోండి, చేతులు ఖాళీగా ఉండేది అప్పుడే.

నెలలో అమావాస్య, పౌర్ణమి వదిలేసి అష్టమి తరువాత ఒకటి రెండు రోజులు చూసుకోండి, పోటుపాట్లు తక్కువ, నీరు నెమ్మదిగా ఉంటది. ముందురోజు సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ కెరటాల హెచ్చరిక, వాతావరణ శాఖ బులెటిన్ చూడటం మర్చిపోవద్దు.

ఒడ్డు మీద పని

ఎక్కువ బరువు తక్కువ ఖర్చుతో దొరికేది ఇక్కడే. ఇసుకలో సగం కూరుకుపోయిన వలని నలుగురు పట్టుకుని లాగితే తెగి సగం లోపలే ఉండిపోద్ది, నడుములు పట్టేస్తాయి. పారతో పక్కన గాడి తవ్వి, పాటు టైంలో, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడు, వల అంచు తాడు దొరికేదాకా వెళ్లి ఆ తాడు పట్టుకుని తియ్యండి. ట్రాక్టర్ కట్టి లాగడం, జేసీబీ తేవడం ఈజీగానే ఉంటది, కానీ జనవరి నుంచి మే దాకా మన ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లు ఉంటాయి, బండి చక్రం కింద పడితే గూడు మొత్తం పోద్ది. ఆ తాబేలు వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది, పులికి ఉన్న రక్షణే దానికీ ఉంది.

గ్లవ్స్ తోలువి వాడండి, గుడ్డవి గేలాలకి ఆగవు. కాళ్లకి చెప్పులు కాదు, బూట్లు. గాజు పెంకులు, సిరంజీలు కూడా వలలో చుట్టుకుని ఉంటాయి.

పడవ మీద నుంచి: పాతాళ గరిగె

నూతిలో బకెట్టు పడితే తీసే పాతాళ గరిగె అందరికీ తెలుసు కదా, ఇదీ అదే, కాస్త పెద్దది. వెల్డింగ్ షాపులో ఇనప పైపుకి వంకర కొక్కేలు నాలుగైదు పెట్టించండి, కొక్కెం మొన మరీ వాడిగా వద్దు, ఎక్కువ బలం పడితే వంగిపోయే మందం ఇనుమైతే ఇంకా మంచిది. ఎందుకంటే బండకి పట్టేసినప్పుడు కొక్కెం వంగి వచ్చెయ్యాలి గానీ పడవ బోల్తా పడకూడదు. గరిగెకీ తాడుకీ మధ్య రెండు బారల గొలుసు ఉంటే అది అడుగున పడుకుని పాకుద్ది, లేకపోతే పైకి లేచి ఎగురుకుంటూ పోద్ది.

లోతుకి మూడింతల తాడు వదలండి. వల పొడుగునా కాకుండా దానికి అడ్డంగా నడపాలి, అప్పుడే పట్టుకుంటది. స్పీడు మనిషి నడకంత, అంతకు మించి వద్దు. తాడు మీద చెయ్యి పెట్టి ఉంచే మనిషి అనుభవం ఉన్నవాడై ఉండాలి: రాయి తగిలితే టక్ టక్‌మని కొట్టుకుంటది, వల తగిలితే మెత్తగా బరువెక్కుద్ది. ఇది రాసి నేర్పేది కాదు, ఒక పూట పక్కన కూర్చుంటే వస్తది.

పట్టుకుంది అనగానే ఇంజన్ న్యూట్రల్. ఇక్కణ్ణుంచే ప్రమాదం.

తాడు ఎప్పుడూ పడవ ముందు వైపు నుంచి లాగండి, పక్క నుంచో వెనక నుంచో లాగితే కెరటం వచ్చినప్పుడు ఆ వైపు వంగి నీళ్లెక్కుతాయి. తాడుని పడవకి ముడేసి వదిలెయ్యకూడదు, రెండు చుట్లు వేసి చేత్తో పట్టుకోవాలి, ఎప్పుడైనా వదిలేసేటట్టు. తాడు చుట్ట మధ్యలో కాలు పెట్టి నిలబడితే ఏమవుద్దో మన తండేళ్లకి చెప్పక్కర్లేదు గానీ వాలంటీర్లుగా వచ్చిన కాలేజీ పిల్లలకి చెప్పాలి, రెండుసార్లు చెప్పాలి. ఇంజన్ ఫ్యాన్ (నీళ్లలో తిరిగే రెక్కలు) దగ్గర వల ముక్క తేలుతూ ఉంటే ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దు. నీళ్లలో ఉన్నప్పుడు తేలిగ్గా వచ్చిన వల, అంచు దాటగానే బురద, గుల్లలతో అమాంతం బరువైపోద్ది. కొంచెం కొంచెంగా తీసి కోసుకుంటూ సంచుల్లో వేసుకుని పడవ మధ్యలో పేర్చండి. రానంటే బలవంతం చెయ్యకండి. బెండు కట్టి, పాయింటు నొక్కి, వదిలేసి రండి. రేపు రెండు పడవలతో రావొచ్చు, లేదా డైవర్లకి ఆ పాయింటు ఇవ్వొచ్చు.

బండల మీద, పగడాలు ఉన్న చోట గరిగె వెయ్యకండి, వల కంటే అది చేసే నష్టం ఎక్కువ.

లైఫ్ జాకెట్ వేసుకోని వాళ్లని ఎక్కించుకోకండి, "మాకు ఈతొచ్చు బాబూ" అన్నా సరే. కోస్ట్ గార్డ్ 1554, మెరైన్ పోలీస్ 1093, ఈ రెండు నంబర్లు పడవ లోపల పెయింట్‌తో రాయించండి.

డైవింగ్ గురించి కొంచెమే

సర్టిఫికెట్ ఉన్న డైవర్లు మాత్రమే, అందులోనూ వల కొయ్యడం చేసినవాళ్లు. కంప్రెసర్ గొట్టం నోట్లో పెట్టుకుని దిగే పద్ధతి వద్దంటే వద్దు. ఇద్దరికి తక్కువ దిగకూడదు, ఒక్కొక్కరి దగ్గర రెండు కోత సాధనాలు, ఒకటి ఎడమ చేతికి అందేచోట, ఎందుకంటే కుడిచెయ్యే చిక్కుకోవచ్చు. వలకి పైనా కిందా కాకుండా పక్కన ఉండి, నీరు వచ్చే వైపు నుంచి పని చెయ్యాలి. పైకి లేపడానికి గాలి సంచులు వాడతారు, లీటరు గాలికి ఇంచుమించు కిలో లేస్తది. డైవర్ తను వేసుకున్న గాలి నింపే జాకెట్‌తోనే వల లేపాలని చూడకూడదు, మధ్యలో జారితే మనిషి ఒక్కసారిగా పైకి వచ్చేస్తాడు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. వల మీద జీవాలు బాగా అల్లుకుపోయి ఉంటే నీటి వాలుకి ఊగే భాగాలు మాత్రం కోసి మిగతాది అలా వదిలెయ్యడమే మేలు.

వలలో ప్రాణంతో ఉన్నవి

వలని ఒడ్డున పరిచినప్పుడు చేతులు పెట్టకముందు కర్రతో కదపండి. సముద్రపు పాము నైలాన్ మడతల్లో తడి తాడులాగే పడుంటది, పైగా మెల్లగా కదులుద్ది, చూసినవాళ్లు చచ్చిందనుకుంటారు. దాని కాటు పెద్దగా నొప్పెయ్యదు, అదే మోసం. కాటు వేస్తే కొయ్యకండి, గట్టిగా కట్టు కట్టకండి, ఆ కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి 108కి ఫోన్ చేసి శ్రీకాకుళం రిమ్స్‌కి తీసుకుపోండి. టేకు చేప ముల్లు, జెల్ల ముల్లు గుచ్చుకుంటే వేరే సంగతి, చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో గంటా గంటన్నర పెడితే నొప్పి తగ్గుద్ది, తరువాత ఆస్పత్రి ఎలాగూ.

తాబేలు చిక్కుకుని ఉంటే రెక్కలు పట్టి లాగొద్దు. చుట్టూ ఉన్న దారం మొత్తం కోసెయ్యండి, మెడకో రెక్కకో లోపలికి దిగిపోయిన దారం ఉంటే మాత్రం దాన్ని మీరు పీకకుండా అటవీ శాఖ వాళ్లకి వదలండి. కదలకుండా ఉంది కదా అని చచ్చిపోయిందని సముద్రంలోకి విసిరెయ్యకండి. నీళ్లు మింగిన తాబేలు గంటల తరబడి అలా పడుంటది. వెల్లకిలా తిప్పకుండా పొట్ట కిందికే ఉంచి, వెనక భాగం ఆరంగుళాలు ఎత్తులో ఉండేటట్టు ఏదైనా పెట్టి, నీడలో తడిగుడ్డ కప్పి, ముక్కు మాత్రం వదిలి, 4 గంటల నుంచి 24 గంటల దాకా చూడాలి. లేచి తిరగడం మొదలెడితే ఇంజన్ ఆపి నెమ్మదిగా నీళ్లలోకి వదలండి.

రాసుకోండి, తూకం వెయ్యండి

ఒక నోటుబుక్కు చాలు: తేదీ, చోటు, లోతు, రకం, కన్ను సైజు, బరువు తడిగా ఎంత, ఎండాక ఎంత, లోపల ఏం దొరికింది, ఒక ఫొటో. కన్ను కొలవడం అంటే వలని సాగదీసి ఒక ముడి మధ్య నుంచి ఎదురు ముడి మధ్య దాకా. ఆ సైజు చూసి ఊళ్లోవాళ్లు అది ఏ చేపకి వేసిందో, ఏ వైపు ఊళ్లదో చెప్పేస్తారు. తడి బరువు చెప్పి పేపర్లో వేయించుకుంటే మొదట బాగుంటది, లారీ దగ్గర ఎండిన బరువే నిలబడుద్ది.

కడగడం, విప్పడం

అసలు పని ఇది, ఎక్కువ రోజులు పట్టేదీ ఇదే. ముందు ఇసుక దులపండి, వెదురు కర్రల మీద ఆరేసి బెత్తంతో కొడితే గుల్లలు రాలతాయి. తరువాత పై తాడు, అడుగు తాడు విప్పి వేరు చెయ్యండి. బెండ్లు బాగుంటే వాటిని అమ్మకండి, వలలు కుట్టేవాళ్లకి ఇచ్చెయ్యండి, ఊళ్లో మీ మాటకి విలువ పెరుగుద్ది. సీసం గుండ్లు కూడా అంతే. పిల్లల్ని సీసం ముట్టుకోనివ్వకండి, పొయ్యి మీద కరిగించడం అసలొద్దు, ఆ పొగ విషం. గుండ్లు విప్పినవాళ్లు చేతులు సబ్బుతో కడుక్కున్నాకే టీ.

మంచినీళ్లతో ఒకసారి జాడించి, రెండు మూడు రోజులు ఆరబెట్టండి. నెలల తరబడి ఎండలో వదలొద్దు, నైలాన్ పెళుసైపోయి చేత్తో లాగితే పుటుక్కున తెగుద్ది, అలాంటిది ఇప్పటికే ఉంటే వేరే కుప్ప. నైలాన్ కాల్చి చూసే టెస్టు కొందరు చెప్తారు, నేను చెప్పను. కాలిన నైలాన్ పొగలో హైడ్రోజన్ సైనైడ్ ఉంటది, దాని అవసరం లేకుండానే తేల్చే పద్ధతి కింద ఉంది.

బకెట్టు, ఉప్పు: వేరు చేసే పద్ధతి

రెండు బకెట్లు పెట్టుకోండి. మొదటిదాంట్లో మంచినీళ్లు, రెండు చుక్కలు సబ్బునీళ్లు. రెండోదాంట్లో పది లీటర్ల నీళ్లకి మూడున్నర కిలోలకి పైగా ఉప్పు. నౌపడ గళ్లుప్పు చవగ్గా దొరుకుద్ది, కలుపుతూ ఉండండి, ఇంక కరగను అని అడుగున గింజలు మిగిలేదాకా.

వలలోంచి వేలెడు ముక్క కోసి, ముడి లేని చోట, నీళ్లలో పిసికి గాలి బుడగలు పోగొట్టండి. బుడగ ఉంటే ఏదైనా తేలుద్ది, టెస్టు తప్పవుద్ది. మొదటి బకెట్లో వదలండి. తేలిందా, అది పాలిథిన్ లేదా పాలీప్రొపిలీన్: తాళ్లు, ఆకుపచ్చ నీలం రంగుల మందపాటి ట్రాల్ వలలు ఎక్కువగా ఇవే. మునిగిందా, దాన్ని తీసి ఉప్పునీళ్ల బకెట్లో వెయ్యండి. ఇప్పుడు తేలితే నైలాన్. అక్కడ కూడా మునిగితే పాలియెస్టర్. లెక్క ఏంటంటే చిక్కటి ఉప్పునీటి సాంద్రత 1.2 దాకా ఉంటది, నైలాన్‌ది 1.14, పాలియెస్టర్‌ది 1.38. జెట్టీ దగ్గర ఒకసారి ఇది చేసి చూపిస్తే ఏ వల ఏదో పందేలు కాసుకుంటారు, ఆ పందేల మీదే జనం నేర్చుకుంటారు, క్లాసు పీకక్కర్లేదు.

నాలుగు కుప్పలు: నైలాన్, తేలేవి, పాలియెస్టర్, ఇక చిక్కు విప్పడానికి వీల్లేనివి. ఆఖరి కుప్పని దాచకండి, ఎంతుందో రాసుకోండి, మున్సిపాలిటీతోనో పంచాయతీతోనో మాట్లాడి చెత్త కేంద్రానికి పంపాల్సిందే. దాన్ని మంచి కుప్పలో దూర్చి పంపితే మొత్తం లారీ వెనక్కొస్తది.

కట్టలు, లారీ

కొనేవాడు ఒప్పుకుంటే చేతి పొడుగు ముక్కలుగా కోసెయ్యండి. పొడుగ్గా ఉంటే తురిమే మిషన్ షాఫ్ట్‌కి చుట్టుకుని ఆపేస్తది, అందుకే కోసిన సరుకు అంటే వాళ్లకి ఇష్టం, రేటు దగ్గర గట్టిగా అడగొచ్చు. సంచుల్లో తొక్కి కుక్కి, పైన రకం, ఊరు, బరువు రాసిన చీటీ కుట్టండి. వల బరువు తక్కువ, జాగా ఎక్కువ, ఒక్క ఊరి సరుకుకి లారీ కట్టుకుంటే చేతి డబ్బులు పోతాయి. భావనపాడు, మంచినీళ్లపేట, బందరువానిపేట, బుడగట్లపాలెం అలా నాలుగు ఊళ్లు కలిసి ఒకచోట పోగేస్తే గిట్టుబాటవుద్ది. పడవ డీజిల్, కూలీ ఈ డబ్బులతో వెళ్లిపోవు, అది ముందే అందరికీ చెప్పండి, అమ్మకం డబ్బులు కడిగినవాళ్లకి కూలీగా ఇస్తే చాలు, డీజిల్‌కి వేరే దారి చూసుకోవాలి.

ఉద్దానం వైపు పాత వలలు కొని కూరపాదుల మీద, కొబ్బరి మొక్కల చుట్టూ కంచెలాగా కట్టుకుంటారు. తప్పనను, కానీ అది రీసైక్లింగ్ కాదు, రెండేళ్లు వాయిదా మాత్రమే, పైగా ఆ కంచెల్లో జెర్రిపోతులు చిక్కుకుని చస్తాయి. కట్టుకుంటే నేలకి జానెడు పైన కట్టమనండి.

కొత్తగా పోకుండా

2018లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) దేశాలు ఒప్పుకున్న మార్గదర్శకాల్లో ముఖ్యమైనది ఒక్కటే, ప్రతి వలకీ ఎవరిదో తెలిసేటట్టు గుర్తు ఉండాలి. మన దగ్గర దానికి చెయ్యగలిగింది, బెండ్ల మీద పడవ రిజిస్ట్రేషన్ నంబరు కాల్చి రాయడం, పెయింటైతే ఉప్పుకి పోద్ది. అడుగు తాడు మీద కూడా ఒకటి రెండు చోట్ల నంబరు బిళ్ల కట్టండి, బెండ్లు ఊడిపోయిన వలకి అదే ఆధారం.

వల బాగుచేసేటప్పుడు కోసి పడేసే ముక్కలు చాలామంది అక్కడే ఇసుకలో వదిలేస్తారు. చెట్టు కింద వలలు కుట్టే ప్రతిచోటా ఒక ఖాళీ యూరియా సంచి వేలాడదియ్యండి, పడవలో కూడా ఒకటి. సంచి నిండాక తీసుకెళ్లే మనిషి పేరు దానిమీదే రాసి ఉండాలి, లేదంటే సంచి కూడా చెత్తే అయిపోద్ది.

వల పోయిందని చెప్పడానికి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టండి, అందులో వచ్చేది మూడే మూడు ముక్కలు ఉండాలి: లొకేషన్, లోతు, ఎన్ని బారల వల. గుడ్ మార్నింగ్ ఫొటోలు పెట్టినవాళ్లని ఆ రోజే తీసెయ్యండి. పోయిన రోజే తెలిస్తే తరువాతి అష్టమికి వెళ్లి తీసుకురావొచ్చు, వల అప్పటికి ఇంకా వాడుకునేటట్టే ఉంటది, కుట్టుకుని మళ్లీ వేటకి వేసుకోవచ్చు, రీసైక్లింగ్ దాకా రానక్కర్లేదు.